ప్రయాణికుని సబ్బుపెట్టె

మనము ఊరు విడిచి పోయినప్పుడు అన్నము పెట్టువారు దొరకుదురు, పడకయు దొరకును, మాసిన బట్ట ఉదికి యిచ్చువారును ఉందురు. ఒంటికి రాచుకొను వస్తువు విషయములో మాత్రము అందరికిని ఆ ధైర్యము చాలదు. ఏ సబ్బయినను ఒకటే, ఏ నీరయినను ఒకటే అనుకొను అదృష్టవంతులు కొందరు గలరు. విడిదిలో పెట్టిన పరిమళపు సబ్బుతో ఒకమారు ముఖము కడిగికొన్నంతనే బుగ్గలు కంది, కనురెప్పలు వాచి, మోచేతి మడతలలో దురద పుట్టి, వెళ్ళిన పని మరచి అద్దము ముందు కూర్చుండువారు మరికొందరు. ఈ రెండవ తెగవారికి చేతిసంచిలోని చిన్న సబ్బుపెట్టె అలంకారము కాదు, అవసరము.

ఆ పెట్టెకును ఒక చరిత్ర గలదు. దానిని పరిశీలించినచో ప్రయాణికుని మూటపై ఎల్లకాలమును రెండు అధికారములు చెల్లుచు వచ్చినట్లు తోచును. మొదటిది వాకిటి అధికారము. ఇంత మాత్రమే తేవలెను, ఇట్లే తేవలెను అని ఓడయో, బండియో, సరిహద్దు ఠాణాయో, విమానాశ్రయమో విధించు కట్టడి అది. రెండవది చర్మముయొక్క అధికారము. ఇది నాకు పడును, ఇది పడదు అని అది చెప్పును. దానికి లంచము లేదు, సిఫారసు లేదు. ఈ ఇద్దరు అధికారులను ఒక్కమారే మెప్పించుటకు మానవుడు ఏమేమి ఉపాయములు పన్నెనో కొంచెము చూతము.

ప్రాచీన గ్రీకులకు సబ్బుతో ఒళ్ళు రుద్దుకొను వాడుక లేదు. వ్యాయామశాలకు పోవు యువకుడు ఆలివునూనె పోసిన చిన్న బుడ్డిని త్రాటితో మణికట్టునకు వ్రేలాడదీసికొని పోయెడివాడు. ఆ బుడ్డికి అరిబాలస్ అని పేరు. దాని కడుపు గుండ్రము, మెడ మిక్కిలి సన్నము, అంచు వెడల్పు. నూనె భళ్ళున ఒలుకక బొట్టుబొట్టుగా పడుటకు ఆ సన్నని మెడ తోడ్పడెను. పడిన బొట్టును ఒంటికి అద్దుకొనుటకు ఆ వెడల్పైన అంచు పనికివచ్చెను. నూనె రాచుకొని, చెమటయు దుమ్మును దానితో కలసిన పిమ్మట, వంకరగా నుండు లోహపు బద్దతో అంతయు గీకివేసెడివారు. క్రీ.పూ. 7వ శతాబ్దమున కొరింథు నగరపు కుమ్మరులు చేసిన ఇట్టి బుడ్లు మధ్యధరా సముద్రపు తీరముల పొడవునను వ్యాపించినవి. రోమనులును ఈ పద్ధతినే అనుసరించిరి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిదలో కప్పబడిన పాంపేయి నగరమున, గోకుడుబద్దలను, నూనెబుడ్డిని ఒకే లోహపు కడియమునకు గ్రుచ్చిన జత యొకటి దొరకినది. స్నానశాలకు పోవువాడు ఆ కడియమును చేత పట్టుకొన్న చాలును, సామగ్రియంతయు వెంట వచ్చును. మన చేతిసంచికి అది ముత్తాత వంటిది.

అయినను నూనె అన్ని చర్మములకును చాలునది కాదు. ఎండి పగిలిన చర్మమునకు తేమయు కావలెను, ఆ తేమ ఆరిపోకుండ పైన పొరయు కావలెను. 2వ శతాబ్దమున రోములో ప్రసిద్ధి కెక్కిన వైద్యుడు గాలెన్ పేరిట ఒక లేపము వైద్యగ్రంథములలో నిలిచినది. తేనెమైనమును ఆలివునూనెలో కరిగించి, అందు పన్నీరు చేర్చి చిలికినచో తెల్లని మెత్తని లేపము తయారగును. ఒంటికి రాచినప్పుడు అందలి నీరు ఆవిరియై పోవుచు చల్లదనము నిచ్చును గనుక దానిని చల్లని లేపము అనిరి. నేడు అంగళ్ళలో అమ్ము కోల్డుక్రీమునకు మూలపురుషుడు అదియే. కాని దానికొక లోపము గలదు. నీరును నూనెయు చిరకాలము కలసి ఉండవు. కొన్నాళ్ళకు విడిపోవును, నూనె కనరు వాసన కొట్టును. కావున దానిని ఎప్పటికప్పుడు నూరుకొనవలసినదే. చర్మము దానిని మెచ్చినను ప్రయాణము మెచ్చలేదు. ఆ చిక్కు విడుటకు పదునేడు వందల సంవత్సరములకు పైగా పట్టినది.

మన దేశమున ఈ చిక్కునకు వేరొక మార్గము త్రొక్కిరి. అది ఎండుసరకు మార్గము. పెసలు గాని శనగలు గాని విసరిన సున్నిపిండి, ఎండిన కుంకుడుకాయలు, శీకాయపొడి - ఇవి ఒలుకవు, పగులవు, తేమ తగులనంత కాలము చెడవు. గుడ్డమూట కట్టి బండిలో ఒక మూల పడవేసినచో యాత్ర పొడవునను పనికివచ్చును. బావి కనబడినచోట నీరు చేర్చుకొనిన చాలును. ఒంటికి నూనె పట్టించు అభ్యంగనమును చరకసంహిత దినచర్యలో చేర్చి చెప్పినది. పాశ్చాత్య వృక్షశాస్త్రజ్ఞులు కుంకుడు జాతికి పెట్టిన సపిండస్ అను పేరునకు భారతదేశపు సబ్బు అనియే అర్థము.

షాంపూ అను మాట కూడ మన దేశమునుండి పోయినదే. ఒత్తుట, పిసుకుట అను అర్థము గల చాంపో అను హిందూస్థానీ మాటనుండి అది పుట్టినది. పాట్నాలో 1759లో జన్మించిన దీన్ మహమ్మదు 19వ శతాబ్దారంభమున ఇంగ్లండునందలి బ్రైటన్ తీరమున ఆవిరిస్నానశాల స్థాపించి, ఒళ్ళు పిసుకు విద్యచే పేరు గాంచి, నాలుగవ జార్జి రాజునకు సేవ చేసెను. ఆనాడు షాంపూ అనగా ఒళ్ళు పట్టుటయే. తల రుద్దుకొను ద్రవ్యమునకు ఆ పేరు తరువాత వచ్చినది.

ఇచ్చట ఒక మాట చెప్పుకొనవలెను. చెట్టునుండి వచ్చినదెల్ల మృదువైనదని పలువురు నమ్ముచుందురు. కుంకుడురసము కంట బడినప్పుడు పిల్లలు పెట్టు గగ్గోలు మన ఇండ్లలో తలంటి దినమున వినబడునదే గదా. అదియే రసము కొందరి చర్మమును కూడ మండించును. పసుపు పడనివారు, గంధము పడనివారు కూడ ఉన్నారు. చర్మము ఒక వస్తువును అంగీకరించునప్పుడు అది తోటలో పుట్టినదా, కర్మాగారమున పుట్టినదా అని విచారింపదు.

ఐరోపాలో సబ్బు ఘనమైన బిళ్ళగా, నమ్మదగిన సరకుగా రూపొందుటకు చాలకాలము పట్టినది. ఫ్రాన్సు దేశపు మార్సేయి నగరము ఆలివునూనె సబ్బునకు పేరు పొందినది. 1688లో పదునాలుగవ లూయీ ప్రభుత్వము శాసనము చేసి, ఆ సబ్బులో ఆలివునూనె తప్ప వేరు కొవ్వు కలుపరాదని కట్టడి చేసెను. 1791లో నికొలస్ లెబ్లాంక్ ఉప్పునుండి సోడాక్షారము తీయు పద్ధతికి హక్కు పొందెను. 1823లో షెవ్రూల్ అను రసాయనశాస్త్రవేత్త కొవ్వుల నిర్మాణమును వివరించు గ్రంథమును ప్రకటించి, సబ్బు తయారగునప్పుడు కొవ్వునందు జరుగు మార్పు ఎట్టిదో తెలియజేసెను. ఇంగ్లండులో 1712నుండి సబ్బుపై నున్న పన్నును 1853లో గ్లాడ్‌స్టన్ రద్దు చేసెను. అంతవరకు కలవారి ఇండ్లలోని వస్తువైన మంచి సబ్బు క్రమముగా సామాన్యుని చేతికి వచ్చినది.

సున్నితమైన చర్మము గలవారిని ఉద్దేశించి సబ్బు చేయవలెనను తలంపు కూడ ఆ కాలపుదే. లండనులో క్షురశాల నడపిన ఆండ్రూ పేర్స్, ఆనాటి మోటు సబ్బులు తన ఖాతాదారుల ముఖచర్మమును పాడుచేయుట గమనించి, సబ్బును శుద్ధిచేసి, 1807లో అవతలి వస్తువు కనబడునంత తేటయైన బిళ్ళను తయారుచేసెను. ప్రయాణికునకు ఈ బిళ్ళ గొప్ప మేలు చేసినది. అది ఒలుకదు, పగులదు, జేబురుమాలులో చుట్టి పెట్టుకొనవచ్చును.

ఇట్లు సామాన్యుని మూట చిన్నదగుచుండగా, ప్రభువుల మూట మాత్రము పెరిగిపోయినది. 18వ శతాబ్దపు ఫ్రాన్సులో గొప్పవారు ప్రయాణమునకు నెసెసేర్ అను పెట్టెను వెంట కొనిపోయెడివారు. ఆ మాటకు అవసరవస్తువు అని అర్థము. కాని అందులో వెండిగిన్నెలు, పింగాణిపాత్రలు, పన్నీటి సీసాలు, దువ్వెనలు, అద్దములు ఎవరి అర ప్రకారము అవి అమరియుండెడివి. రాణి మేరీ ఆంట్వానెత్ పెట్టె యొకటి పారిసునందలి లూవ్రు ప్రదర్శనశాలలో నేటికిని ఉన్నది.

అట్టి పెట్టె యొకటి ఆ రాణికి ముప్పు తెచ్చినది. 1791లో రాజకుటుంబము పారిసునుండి రహస్యముగా పారిపోవ నిశ్చయించినప్పుడు, రాణి తన నెసెసేర్ లేనిదే సాగలేనని పట్టుపట్టెనట. అది కదలినచో అనుమానము కలుగునని పరిచారిక మదాం కాంపాన్ ఎంత చెప్పినను వినలేదు. బ్రస్సెల్సులో నున్న అక్కకు కానుకయను నెపమున దానిని ముందుగా పంపుటకు ఏర్పాటయ్యెను. ఆ నెపమును నమ్మని దాసి యొకతె అధికారులకు సమాచార మందించినదని మదాం కాంపాన్ తన స్మృతులలో వ్రాసినది. అదే సంవత్సరము జూను 21వ తేదీ రాత్రి ఆ కుటుంబము వారెన్ అను చిన్న ఊరిలో పట్టుపడినది. వారు పట్టుపడుటకు వేరు కారణములు పెక్కు గలవు. పెట్టె యొక్కటియే కారణమనుట సత్యము కాదు. అయినను ప్రాణములు అరచేత పెట్టుకొని పోవు దినమున కూడ అద్దమును, అత్తరుసీసాలను విడువలేకపోవుట గమనింపదగినది. అవసరమని పేరు పెట్టినంతమాత్రమున ప్రతి వస్తువును అవసరము కానేరదు.

19వ శతాబ్దము ప్రయాణికునకు రెండు వరము లిచ్చినది: మూసినచో కారని చిన్న పాత్ర, నిలువ ఉంచినను కుళ్ళని కొవ్వు. పాత్ర చిత్రకారుని చేతినుండి వచ్చినది. 1841లో జాన్ గాఫ్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు రంగులు ఎండిపోకుండుటకై, నొక్కిన కొలది ముడుచుకొను తగరపు ట్యూబును కనిపెట్టెను. అందులో గాలి చొరదు, వ్రేలు పెట్టవలసిన పనిలేదు, కావలసినంతయే పైకి వచ్చును. ఆ శతాబ్దాంతమునకు దంతధావనపు ముద్ద కూడ ఆ ట్యూబులలోనికి చేరినది. కుళ్ళని కొవ్వు నేలలోతునుండి వచ్చినది. పెన్సిల్వేనియా నూనెబావులలో పనిచేయు కూలీలు, యంత్రపు కడ్డీలకు పట్టు జిగురుమడ్డిని గాయములకు పూసికొనుట చూచి, రాబర్ట్ చీజ్‌బ్రో దానిని శుద్ధిచేసి వాసెలిన్ అను పేరుపెట్టి 1872లో హక్కు పొందెను. దానికి కనరు పట్టదు, అందులో నీరు లేదు గనుక బూజు కట్టదు, పరిమళముతో పని లేదు. చర్మముపై పొరవలె నిలిచి లోని తేమను పోనీయదు. సులభముగా కందు చర్మము గలవారికి వైద్యులు నేటికిని దానిని చెప్పుచున్నారు.

గాలెన్ లేపమునందలి చిక్కు కూడ 20వ శతాబ్దారంభమున విడినది. గొర్రెబొచ్చునందలి కొవ్వునుండి ఐజాక్ లిఫ్‌షుట్జ్ తీసిన యూసెరిట్ అను పదార్థము నీటిని, నూనెను విడిపోనీయక పట్టి ఉంచెను. దాని సహాయముతో 1911లో హాంబర్గు నగరమున ఆస్కార్ ట్రోప్లోవిట్జ్ నివియా అను తెల్లని క్రీమును విపణికి తెచ్చెను. లాటిన్ భాషలో ఆ మాటకు మంచువంటిదని అర్థము. చల్లని లేపము చివరకు ప్రయాణమునకు పనికివచ్చు డబ్బీలో కుదురుకొన్నది.

తరువాతి చిన్న పాత్ర మన దక్షిణదేశమున పుట్టినది. తమిళనాటి కడలూరులో చిన్ని కృష్ణన్ అను వ్యాపారి షాంపూను ఒక్క తలస్నానమునకు సరిపడు చిన్న ప్యాకెట్టులలో నింపి అమ్మవచ్చునని చూపెను. ఆయన కుమారుడు రంగనాథన్ 1983లో చిక్ షాంపూ ప్యాకెట్టులతో వ్యాపారము ప్రారంభించెను. పెద్ద సీసా కొనలేని కూలివాని కొరకు పుట్టిన ఆ ప్యాకెట్టులు తెలుగునాట కిరాణాకొట్ల ముందు తోరణములవలె వ్రేలాడసాగినవి. అవి ఒకనాడు విమానమెక్కువారికి కూడ అక్కరకు వచ్చునని ఆనాడు ఎవరును తలపలేదు.

పాత్రలు కుదిరినవి, కొవ్వులు కుదిరినవి. ఎవరికి ఏది పడదో ముందుగా తెలిసికొను మార్గము మాత్రము మిగిలియుండెను. 1895లో బ్రెస్లావు నగరపు చర్మవైద్యుడు యోసెఫ్ యాడాస్సోన్ ఆ మార్గము చూపెను. అనుమానమున్న పదార్థమును కొంచెముగా చర్మముపై అతికించి, కొంతకాలము కప్పియుంచి, అచ్చట ఎఱ్ఱదనము పుట్టునో లేదో చూచుటయే ఆ పరీక్ష. నేటికిని వైద్యులు అనుమానపు వస్తువులను వరుసగా వీపుపై అతికించి, 48 గంటలకు తీసి, మరల రెండుమూడు దినములకు చూచి నిర్ణయించుచున్నారు. 1928లో షాడే, మార్కియోనీని అను జర్మను వైద్యులు చర్మపు పైపొర కొలదిగా ఆమ్లగుణము గలదని చూపి, దానిని చర్మమునకు ఆమ్లకవచముగా వర్ణించిరి. సబ్బు క్షారగుణము గలది గనుక మాటిమాటికి రుద్దినచో ఈ కవచమును సడలించును. అందుచేతనే కృత్రిమ క్షాళకములతో చేసిన, క్షారము తక్కువగు బిళ్ళలు తరువాత వచ్చినవి. అవి చూపునకు సబ్బువలెనే ఉండును గాని నిజమునకు సబ్బు కావు.

ఈ పరీక్షలవలన తెలిసిన సంగతులలో ప్రయాణికుడు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి రెండు. పరిమళద్రవ్యములు చర్మమునకు పడని వస్తువులలో మొదటి వరుసలో నున్నవి. ఐరోపా సమాఖ్య 2003లో అట్టి 26 ద్రవ్యముల పేర్లు, నిర్ణీత మోతాదు మించినచో, డబ్బీపై అచ్చువేయవలెనని శాసించినది. 2023లో ఆ పట్టికను 80కి పైగా పెంచినది. రెండవది, ప్రయాణములో సులభమని మనము కొను తడిరుమాళ్ళ సంగతి. వాటిలోను, క్రీములలోను చెడకుండుటకు కలుపు మిథైల్ ఐసోథయజోలినోన్ అను మందు పలువురికి దద్దుర్లు తెచ్చినది. 2013లో అమెరికా స్పర్శచర్మవ్యాధి వైద్యుల సంఘము దానిని ఆ సంవత్సరపు ప్రధాన ఎలర్జీకారకముగా ప్రకటించినది. ఒంటికి రాచి కడుగక విడిచిపెట్టు వస్తువులలో దానిని వాడరాదని 2017నుండి ఐరోపాలో నిషేధము అమలునకు వచ్చినది.

చర్మముయొక్క అధికారము ఇట్లు కొంత అర్థమగుచుండగా, వాకిటి అధికారము హఠాత్తుగా కఠినమైనది. 2006 ఆగస్టు 10వ తేదీన, శీతలపానీయపు సీసాలలో ప్రేలుడు ద్రవములు నింపి అట్లాంటికు సముద్రము దాటు విమానములను కూల్చుటకు జరిగిన కుట్రను భగ్నము చేసితిమని బ్రిటను పోలీసులు ప్రకటించిరి. ఆ దినమున బ్రిటను విమానాశ్రయములలో చేతిసంచులే నిషేధింపబడినవి; ప్రయాణపత్రములు, పర్సు, తప్పనిసరి మందులు మాత్రము పారదర్శకమైన సంచిలో పెట్టుకొననిచ్చిరి. పసిపిల్లల పాలను తల్లి ఎదుటనే రుచి చూడవలసి వచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరు 26నుండి అమెరికాలోను, నవంబరు 6నుండి ఐరోపా సమాఖ్యలోను పూర్తి నిషేధము పోయి కొలత వచ్చినది. ఒక్కొక్క పాత్ర 100 మిల్లీలీటర్లకు మించరాదు. ఆ పాత్రలన్నియు ఒక లీటరు పట్టు, మూతపడు పారదర్శకపు సంచిలో ఇమడవలెను. మనిషికి సంచి ఒక్కటే. ఈ కొలత పెక్కు దేశములకు ప్రాకినది.

ఈ నియమములో తెలియక పొరబడు అంశములు కొన్ని గలవు. ద్రవమనగా నీరు, నూనె మాత్రమే కాదు. క్రీము, జెల్లీ, దంతధావనపు ముద్ద కూడ దానిక్రిందికే వచ్చును. కొలత పాత్రదే గాని అందులో మిగిలిన సరకుది కాదు. 200 మిల్లీలీటర్ల డబ్బీలో అడుగున రవ్వంత క్రీము ఉన్నను దానిని వాకిట విడువవలసినదే. ఘనమైన సబ్బుబిళ్ళకు ఈ కొలత లేదు. ఇటీవల కొన్ని విమానాశ్రయములలో క్రొత్త స్కానర్లు వచ్చి కొలత సడలినది. కాని పోవుచోట సడలినంతమాత్రమున తిరిగి వచ్చుచోట సడలునని చెప్పలేము. కావున రెండు వాకిళ్ళ నియమములును విచారించుకొని బయలుదేరుట మంచిది.

చర్మము గట్టిదైనవానికి వాకిట ఒక సీసా పోయినను పది రూపాయల నష్టమే. దిగినచోట మరియొకటి కొనును. పడనివారి సంగతి అట్లు కాదు. ఎన్నో వస్తువులు వాడి, ఎన్నోమారులు కంది, చివరకు పడునదని తేల్చుకొన్న ఒక్క క్రీము చెత్తబుట్టలో పడినచో, ఆ దినముననే వారి కష్టము మొదలగును. పైగా ఎగురుచున్న విమానములోని గాలిలో తేమ సాధారణముగా 20 శాతమునకు లోపుగనే ఉండును. ఎండుచర్మమునకు అది మండువేసవితో సమానము. అందుచేతనే వైద్యుడు వ్రాసి యిచ్చిన మందులకును, పసివారి ఆహారమునకును నియమములలో మినహాయింపు ఉంచిరి. ఇది ప్రయాణికుడు తెలిసికొని అడుగవలసిన హక్కు. చర్మరోగమునకు వాడు లేపనమును వైద్యుని చీటీతో సహా, మందు పేరు కనబడు అసలు ట్యూబులోనే, చేతిసంచిలో ఉంచుకొనవలెను. విమానపు గర్భములో వేయు పెట్టె ఒక్కొక్కప్పుడు వేరే ఊరికి పోవును.

తక్కిన సామగ్రి విషయమున పూర్వుల అనుభవమే మనకు దారి చూపును. ఘనముగా దొరకుదానిని ఘనముగానే కొనిపోవుట మేలు. పరిమళము కలుపని బిళ్ళ ఒకటి గాలి తగులు చిన్న పెట్టెలో పెట్టుకొనినచో ఒంటికిని ముఖమునకును చాలును. వాసన తెలియదు అని వ్రాసినదానికిని, పరిమళము కలుపలేదు అని వ్రాసినదానికిని భేదము గలదు. మొదటిదానిలో ఒక వాసనను కప్పుటకు వేరొకటి కలిపియుండవచ్చును. మనకు కావలసినది రెండవది. చిన్న ట్యూబులో పెట్రోలియం జెల్లీ గాని, అలవాటైన క్రీము గాని ఉండవలెను. స్నానము చేసి తుడుచుకొన్న పిమ్మట ఒళ్ళు ఇంకను చెమ్మగా నున్నప్పుడే దానిని రాచుకొన్నచో తేమ నిలుచును. పెద్ద డబ్బీనుండి చిన్న డబ్బీలోనికి మార్చుకొనువారు దానిని బాగుగా కడిగి ఆరబెట్టి, వ్రేలు పెట్టక శుభ్రమైన చెంచాతో తీసి, పేరును తేదీని చీటీపై వ్రాసి అతికించుట మరువరాదు. పేరు లేని డబ్బీవలన పరదేశములో దద్దు లేచినప్పుడు ఏమి రాచితివని వైద్యుడు అడిగిన చెప్పలేని స్థితి కలుగును.

అన్నిటికంటె ముఖ్యమైనది, ప్రయాణముకొరకని క్రొత్త వస్తువు కొని ప్రయాణముననే దానిని మొదటిమారు వాడకుండుట. యాడాస్సోన్ పరీక్షకు వైద్యుడు కావలెను గాని, దానిని పోలిన చిన్న పరీక్ష ఇంట చేసికొనవచ్చును. క్రొత్త క్రీమును మోచేతి లోపలివైపున రూపాయిబిళ్ళంత మేర, దినమునకు రెండుమారులు, 7నుండి 10 దినములు రాచి చూడవలెను. ఎఱ్ఱబడకుండ, దురద పుట్టకుండ ఉన్నచో దానికి సంచిలో చోటీయవచ్చును. ప్రయాణపు తేదీ నిర్ణయమైన దినముననే ఈ పని మొదలిడినచో తొందర ఉండదు. ఇదివరకే ముఖము వాచినవారు, ఊపిరాడక బాధపడినవారు మాత్రము ఇంటి పరీక్షకు పూనుకొనక వైద్యుని చూడవలెను.

ఈ చరిత్రలో వింతయైన సంగతి యొకటి గలదు. వాకిటి అధికారి భయముచేత కొంచెమే తెమ్మనుచున్నాడు. సున్నితమైన చర్మమును ఎరిగిన వైద్యుడు అనుభవముచేత కొంచెమే రాయుమనుచున్నాడు. పేటికలో పది డబ్బీలు ఉన్నచో పడని వస్తువు చేరుటకు పది అవకాశములు. మూడే ఉన్నచో మూడే అవకాశములు. మణికట్టున వ్రేలాడిన గ్రీకు నూనెబుడ్డిలో కొన్ని బొట్లే పట్టెను, మన పూర్వుల మూటలో పిడికెడు పిండియే ఉండెను. వారికి అవి చాలినవి. మనకును ఒక బిళ్ళ, ఒక ట్యూబు, వైద్యుడు వ్రాసిన మందు - ఈ మూడు ఇంటియొద్దనే పరీక్షకు నిలిచినవై ఉన్నచో ఏ విమానాశ్రయపు వాకిటనైనను నిశ్చింతగా నిలువవచ్చును.